అదే రోజు మళ్ళీ వస్తే?

పరీక్ష రాసి ఇంటికి వచ్చాక మీకెప్పుడైనా ఇలా అనిపించిందా? "అయ్యో, నాలుగో లెక్క ముందుగా చేసి ఉంటే టైము సరిపోయేది గదా! ఈ రోజు మళ్ళీ మొదటినుంచి వస్తే ఎంత బాగుండును!"

అనిపించే ఉంటుంది. ఈ కోరిక మీ ఒక్కరిదే కాదు. చిన్నా పెద్దా అందరిదీ. అందుకే రచయితలు దీని మీద ఎన్నో కథలు అల్లారు. అటువంటి ఒక నవల గురించి ముందు చెబుతాను. ఆ తర్వాత ఆ కోరికను శాస్త్రజ్ఞులు నిజంగా ఎలా తీర్చుకున్నారో చూద్దాం. మీరు నమ్మకపోవచ్చు గాని, ఈ కథకూ మన అనంతపురం శెనక్కాయ చేలకూ దగ్గర సంబంధం ఉంది.

ఏడుసార్లు వచ్చిన శుక్రవారం

ఆ నవల పేరు 'బిఫోర్ ఐ ఫాల్'. రాసినావిడ లారెన్ ఆలివర్ అనే అమెరికా రచయిత్రి. 2010లో అచ్చయింది. అందులో సమాంతా అని ఒక అమ్మాయి. హైస్కూలు చివరి సంవత్సరం చదువుతూ ఉంటుంది. ఫిబ్రవరి 12, శుక్రవారం. ఆ రాత్రి స్నేహితురాళ్ళతో కారులో వస్తూ ఉండగా ప్రమాదం జరుగుతుంది. అంతా అయిపోయిందనుకుంటాం. కాని మరుక్షణం అలారం మోగుతుంది. కళ్ళు తెరిచి చూస్తే తన గదిలో, తన మంచం మీదే ఉంటుంది. తేదీ చూస్తే మళ్ళీ ఫిబ్రవరి 12!

ఇలా ఆ రోజు ఏడుసార్లు వస్తుంది. అదే బడి, అదే స్నేహితులు, అదే చలి. మిగతా వాళ్ళకెవరికీ ఏమీ గుర్తుండదు. సమాంతాకు మాత్రం అన్నీ గుర్తుంటాయి. కాబట్టి ఆమె ఒక్కొక్కసారి ఒక్కొక్క రకంగా నడుచుకుని చూస్తుంది. ఒకసారి రాత్రి పార్టీకి పోవడమే మానేస్తుంది. ఆ మార్పు వల్ల ఏం మారింది, ఏం మారలేదు అని గమనిస్తుంది. తను చేసే చిన్న పని మరొకరి రోజును ఎంత తారుమారు చేయగలదో ఆమెకు మెల్లమెల్లగా తెలిసివస్తుంది. చివరికి ఏమవుతుందో చెప్పను. చదవడం మొదలుపెట్టారంటే పుస్తకం కింద పెట్టలేరు, అంతే.

ఇంతకీ మనకు కావలసిన సంగతి ఏమిటంటే, సమాంతాకు దొరికిన అవకాశం ఎటువంటిది? తక్కినవన్నీ ఉన్నవి ఉన్నట్లే ఉంచి, తను ఒక్కటి మార్చి చూసే అవకాశం. సరిగ్గా దీన్నే శాస్త్రజ్ఞులు 'ప్రయోగం' అంటారు.

ఇప్పుడు అమెరికా వదిలి అనంతపురం వద్దాం.

వాన దాటిపోయే నేల

అనంతపురం పీఠభూమిలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అదే కర్ణాటకలో పడమటి కనుమల మీద ఉన్న ఆగుంబెలో 7000 మిల్లీమీటర్లకు పైగా పడుతుంది. ఎందుకింత తేడా? నైరుతి ఋతుపవనాలు అరేబియా సముద్రం నుంచి నీటి ఆవిరి మోసుకు వస్తాయి. పడమటి కనుమలు అడ్డం రావడంతో పైకి లేచి, చల్లబడి, అక్కడే కురిసేస్తాయి. కనుమలు దాటి మన దాకా వచ్చేసరికి వాటి సంచి చాలావరకు ఖాళీ అవుతుంది. ఇలాంటి చోటును 'వర్షచ్ఛాయా ప్రాంతం' అంటారు. ఇక ఈశాన్య ఋతుపవనాలకు మనం దూరం. అవి తూర్పు తీరంలోనే ఎక్కువ భాగం కురిసిపోతాయి.

వాన తక్కువ కావడం ఒక కష్టం. ఎప్పుడు పడుతుందో తెలియకపోవడం అంతకంటే పెద్ద కష్టం. ఊరికి ఈ పక్క కాలువలు పారుతుంటే ఆ పక్క దుమ్ము లేస్తూ ఉండడం ఇక్కడి పిల్లలందరూ చూసిందే.

ఈ ఎర్రనేలల్లో వర్షాధారంగా వేసే ముఖ్యమైన పంట శెనక్కాయ, అంటే వేరుశనగ. దీని సంగతి విచిత్రం. పసుపుపచ్చని పూలు నేల మీద పూస్తాయి. పూత రాలాక ఊడలు కిందికి దిగి, మట్టిలోకి చొచ్చుకుపోయి, అక్కడ కాయలవుతాయి. ఊడలు దిగే రోజుల్లో వాన మొహం చాటేస్తే నేల గట్టిపడుతుంది. ఊడ లోపలికి దిగలేదు. దిగినా గింజ నిండదు. పైకి చెట్టు పచ్చగానే ఉంటుంది గాని, పీకి చూస్తే కాయలుండవు. అప్పుచేసి కొన్న విత్తనం, దున్నిన కూలి, ఇంటిల్లిపాది కష్టం అన్నీ మట్టిపాలు. ఇలాంటి ఏళ్ళు వరసగా వస్తే ఊళ్ళో ఎన్ని ఇళ్ళకు తాళాలు పడతాయో, ఎందరు బెంగుళూరు బస్సెక్కుతారో మీకు వేరే చెప్పనక్కర లేదు.

అటువంటి ఒక ఏడు చేను గట్టు మీద కూర్చున్న తాతా మనవళ్ళను ఊహించుకోండి.

"తాతా, మనం కూడా చిన్నాయన మాదిరి పది దినాలు ముందే విత్తి ఉంటే?"

"ఉంటే అనే మాట సేద్యంలో చెల్లదురా అబ్బీ. ఆ దినం పదును చాల్లేదని నేననుకొంటిని. మీ చిన్నాయన చాలుతుందనుకొనె."

"అయితే వచ్చే ఏడు ముందే విత్తుదాం."

"వచ్చే ఏడు ఈ ఏడు మాదిరే ఉంటుందని నీకెవరు చెప్పిరి?"

చూశారా! తాత అన్న చివరి మాటలోనే చిక్కంతా ఉంది. సమాంతాకు అదే శుక్రవారం మళ్ళీ వచ్చింది. రైతుకు అదే ముంగారు మళ్ళీ రాదు. వచ్చే ఏటి వానలు వేరు, గాలి వేరు, పురుగు వేరు. ఆ ఏడు ముందుగా విత్తి ఎక్కువ పండించినా, అది ముందు విత్తినందువల్లా, మంచి వాన పడినందువల్లా? ఎవరు చెప్పగలరు?

ఇంకో చిక్కు కూడా ఉంది. చిన్నాయన ముందుగా విత్తడమే కాదు, విత్తనం కూడా వేరే రకం వేశాడనుకుందాం. ఆయన చేను పల్లంలో ఉంది. మధ్యలో ఒక వాన ఆయన చేను మీదే పడి పోయింది. నాలుగు సంగతులు ఒకేసారి మారాయి. పంట బాగా రావడానికి కారణం ఏది? ఊరంతా 'ఆ విత్తనం మహిమే' అనుకుని ఎగబడి కొంటే, తీరా అది పల్లం మహిమ అయితే?

కాలంలో కాదు, పక్కపక్కన

పోయిన రోజును వెనక్కి తేలేము. మరి ఏం చేయాలి? శాస్త్రజ్ఞులు ఒక ఉపాయం కనిపెట్టారు. ఒకే రోజును ఒకదాని తర్వాత ఒకటిగా ఏడుసార్లు గడపలేకపోతే, ఒకే రోజున ఏడు చోట్ల పక్కపక్కన చేసి చూడవచ్చు గదా! ఒక చేనును చిన్న చిన్న మళ్ళుగా విడదీసి, కొన్నిటిలో పాత విత్తనం, కొన్నిటిలో కొత్త విత్తనం వేస్తే, అన్నిటిమీదా పడేది అదే వాన, కాసేది అదే ఎండ. మారింది విత్తనం ఒక్కటే.

ఇంగ్లండులో రోథంస్టెడ్ అనే చోట 1843లో ఇలాంటి చేలు మొదలుపెట్టారు. అక్కడ బ్రాడ్‌బాక్ అనే చేనులో వేర్వేరు ఎరువులు వేసిన గోధుమ మళ్ళను ఇప్పటికీ ఏటేటా పోల్చి చూస్తూనే ఉన్నారు.

కాని పక్కపక్కన వేస్తే చాలా? చాలదు. మీ చేను ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఒక మూల చింతచెట్టు నీడ. ఒక వైపు పల్లం, వాన నీళ్ళు అక్కడికే చేరతాయి. ఇంకో వైపు రాళ్ళు, గరుసు. కొత్త విత్తనం పడ్డ మడి పల్లంలో ఉంటే అది గెలుస్తుంది. అది విత్తనం గొప్ప కాదు, పల్లం గొప్ప.

1919లో రోథంస్టెడ్‌లో చేరిన రొనాల్డ్ ఫిషర్ అనే శాస్త్రజ్ఞుడు ఈ చిక్కు విప్పాడు. ఆయన చెప్పిన సూత్రాలు మూడు.

మొదటిది: ఒక్క మడితో తృప్తి పడకండి. ప్రతి రకాన్నీ చాలా మళ్ళలో వేయండి.

రెండవది: పల్లం మళ్ళను పల్లం మళ్ళతోనే, మెరక మళ్ళను మెరక మళ్ళతోనే పోల్చండి.

మూడవది అన్నిటికంటే చిత్రమైనది. ఏ మడిలో ఏ విత్తనం వేయాలో మీరు నిర్ణయించకండి. చీటీలు వేయండి!

'ఇదేమిటి, సైన్సులో లాటరీ ఏమిటి?' అనుకుంటున్నారా? ఆలోచించండి. మనకు కొత్త విత్తనం మీద మోజు ఉంటే, తెలియకుండానే మంచి మడిని దానికి ఇచ్చేస్తాం. చీటీకి మోజు లేదు. పైగా చీటీలు వేస్తేనే 'ఈ ఫలితం కేవలం అదృష్టం వల్ల వచ్చే అవకాశం ఎంత?' అని లెక్క కట్టగలుగుతాం. ఎలాగంటారా? ఒక కప్పు టీ తాగుతూ తెలుసుకుందాం.

ఎనిమిది కప్పుల టీ

రోథంస్టెడ్‌లో ఒక మధ్యాహ్నం ఫిషర్ ఒకావిడకు టీ అందించాడు. ఆమె వద్దంది. "కప్పులో ముందు పాలు పోసి, తర్వాత డికాక్షన్ పోస్తేనే నాకు ఇష్టం. మీరు ముందు డికాక్షన్ పోశారు" అంది. 'ఏది ముందు పోస్తే ఏం, రుచి ఒకటే గదా' అని మనమైతే నవ్వేస్తాం. ఫిషర్ దాన్ని పరీక్షగా మార్చాడు. 1935లో అచ్చయిన తన పుస్తకంలో ఈ పరీక్షను వివరించాడు.

ఎనిమిది కప్పులు. నాలుగింటిలో పాలు ముందు, నాలుగింటిలో డికాక్షన్ ముందు. చీటీల వరసలో ఆమెకు ఇవ్వాలి. పాలు ముందు పోసిన నాలుగూ ఏవో ఆమె చెప్పాలి. ఆమెకు నిజానికి ఏమీ తెలియక, గుడ్డిగా చెప్పిందనుకోండి. ఎనిమిదింటిలో నాలుగు కప్పులను 70 రకాలుగా ఏరవచ్చు. అందులో సరైనది ఒక్కటే. అంటే గుడ్డిదెబ్బగా నెగ్గే అవకాశం 70లో 1. కాబట్టి నాలుగూ సరిగ్గా చెబితే ఆమె మాట నమ్మడానికి గట్టి ఆధారం దొరికినట్లే.

అదే రెండే కప్పులు పెట్టి ఉంటే? గుడ్డిదెబ్బకు 2లో 1 అవకాశం. నాలుగు కప్పులైతే 6లో 1. ఆరు కప్పులైతే 20లో 1. పన్నెండు పెడితే 924లో 1! ఒక్క మడితో ఎందుకు తృప్తి పడకూడదో ఇప్పుడు తెలిసింది గదా.

మన పక్క జిల్లా నుంచి కేంబ్రిడ్జికి

ఫిషర్ దగ్గర చదువుకున్న వాళ్ళలో మన తెలుగువాడు ఒకాయన ఉన్నాడు. పేరు కల్యంపూడి రాధాకృష్ణారావు. లోకం సి.ఆర్. రావు అంటుంది. 1920 సెప్టెంబరు 10న హడగలిలో పుట్టాడు. ఇంట్లో ఎనిమిదవ సంతానం కావడం వల్ల కృష్ణుడి పేరు పెట్టారు. హడగలి అప్పుడు బళ్ళారి జిల్లాలో ఉండేది. అనంతపురం జిల్లా కూడా 1882 వరకూ బళ్ళారి జిల్లాలో భాగమే. అంటే ఆయన మన పక్కింటి వాడన్న మాట.

ఆయన చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాలలో సాగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్ళాడు. అక్కడ మహలనోబిస్ నడుపుతున్న గణాంకశాస్త్ర సంస్థలో 1941లో చేరాడు. తర్వాత కేంబ్రిడ్జి వెళ్ళి ఫిషర్ మార్గదర్శకత్వంలో 1948లో డాక్టరేటు పొందాడు. 2023లో, 102 ఏళ్ళ వయసులో, గణాంకశాస్త్ర అంతర్జాతీయ బహుమతి ఆయనకు దక్కింది. అదే ఏడు ఆగస్టులో కన్నుమూశాడు.

ఆయన చేసిన ఎన్నో పనులలో ఒకటి మన కథకు బాగా పనికివస్తుంది. మన తాతకు మూడు అనుమానాలున్నాయి అనుకోండి. ముందు విత్తాలా, ఆలస్యంగానా? పాత విత్తనమా, కొత్తదా? నేల మీద ఆకులూ గడ్డీ కప్పాలా, వద్దా? అన్ని రకాలుగా కలిపి చూడాలంటే 2 × 2 × 2 = 8 రకాల మళ్ళు కావాలి. ఏడు అనుమానాలుంటే 128 రకాలు! అంత చేను ఎక్కడుంది? రావుగారు 1940 దశకంలోనే 'ఆర్తోగొనల్ అరే' అనే అమరికలను రూపొందించారు. దాని ప్రకారం మన మూడు అనుమానాలకు నాలుగు రకాల మళ్ళు చాలు:

1వ మడి: ముందు విత్తడం, పాత విత్తనం, కప్పు లేదు.
2వ మడి: ముందు విత్తడం, కొత్త విత్తనం, కప్పు ఉంది.
3వ మడి: ఆలస్యంగా విత్తడం, పాత విత్తనం, కప్పు ఉంది.
4వ మడి: ఆలస్యంగా విత్తడం, కొత్త విత్తనం, కప్పు లేదు.

పెన్సిలు పట్టుకుని సరిచూడండి. ముందు విత్తిన రెండు మళ్ళలో ఒకటి పాత విత్తనం, ఒకటి కొత్తది. ఒకదానికి కప్పు ఉంది, ఒకదానికి లేదు. ఆలస్యంగా విత్తిన రెండూ అంతే. కాబట్టి 1, 2 మళ్ళ పంటను 3, 4 మళ్ళ పంటతో పోల్చితే విత్తిన రోజు ప్రభావం విడిగా బయటపడుతుంది. విత్తనానికీ, కప్పుకూ కూడా ఇలాగే ఏ రెండు మళ్ళను ఏ రెంటితో పోల్చాలో మీరే చెప్పండి.

ఒక హెచ్చరిక. ముందుగా విత్తితేనే కొత్త విత్తనం బాగా పండుతుంది అన్నట్లు ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటే ఈ నాలుగు మళ్ళు మనల్ని మోసం చేయవచ్చు. అప్పుడు ఎనిమిదీ వేయవలసిందే. తక్కువ ఖర్చుకు తక్కువ జవాబు!

మన చేలలో

ఈ పద్ధతులు పుస్తకాలలోనే ఉండిపోలేదు. అనంతపురం దగ్గర రేకులకుంటలోనూ, కదిరిలోనూ వ్యవసాయ పరిశోధన స్థానాలున్నాయి. (కదిరి 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది.) కొత్త రకం విత్తనం రైతు చేతికి రావాలంటే పాత రకం పక్కన ఎన్నో మళ్ళలో, ఎన్నో ఊళ్ళలో, కొన్నేళ్ళపాటు పరీక్షకు నిలబడాలి. ఎన్నో ఏళ్ళు ఎందుకంటే, ఒక్క ఏడు అంటే ఒక్క రోజు లాంటిదే. మంచి వానల ఏడు గెలిచిన విత్తనం కరువు ఏడు ఓడిపోవచ్చు.

1940లో విడుదలైన టి.ఎం.వి. 2 అనే శెనక్కాయ రకం ఇక్కడ అరవై ఏళ్ళకు పైగా రాజ్యమేలింది. రైతులకు దాని మీద అంత నమ్మకం. కదిరి నుంచి 2005లో కదిరి 6 వచ్చింది. పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ సంస్థ రూపొందించిన ఐ.సి.జి.వి. 91114 అనే రకాన్ని 2000 తర్వాతి సంవత్సరాలలో అనంతపురం రైతులే తమ చేలలో, పాత రకం పక్కనే వేసి పోల్చి చూశారు. 'ఎవరో చెప్పారు' అని కాదు, కళ్ళెదుట, ఒకే వాన కింద. తాత లాంటి వాళ్ళను ఒప్పించడానికి ఇంతకంటే మంచి దారి లేదు.

మీరూ చేసి చూడండి

పన్నెండు ఖాళీ డబ్బాలు తీసుకోండి. అడుగున ఒకే సైజు రంధ్రాలు చేయండి. ఒకే కుప్పలోని మట్టి, సమానంగా కొలిచి నింపండి. ఒక్కొక్క దానిలో నాలుగు శెనగ్గింజలు నాటండి. డబ్బాలకు 1 నుంచి 12 దాకా అంకెలు వేయండి. చీటీలు తీసి, వచ్చిన మొదటి ఆరు అంకెల డబ్బాలలో మట్టి మీద ఎండుటాకులు కప్పండి. మిగిలిన ఆరూ అలాగే వదిలేయండి. రోజూ అన్నిటికీ ఒకే గ్లాసుతో సమానంగా నీళ్ళు పోయండి. మొక్కలు నాలుగాకులు వేశాక నీళ్ళు ఆపేయండి. ఏ డబ్బాలో మొక్క ఏ రోజున వాడిందో నోటుబుక్కులో రాయండి.

రెండు జాగ్రత్తలు. ఒక డబ్బాలో గింజ మొలవకపోతే దాన్ని దాచేయకండి, 'మొలవలేదు' అని రాయండి. మీకు ఇష్టమైన డబ్బాకు చాటుగా ఒక గుక్కెడు నీళ్ళు ఎక్కువ పోయకండి! ఫలితం ఏమవుతుందో నేను చెప్పను, సమాంతా కథ చివర చెప్పనట్లే. కప్పిన ఆరూ కప్పని ఆరింటికంటే ఎక్కువ రోజులు నిలబడ్డాయనుకోండి. అది కేవలం చీటీల అదృష్టం వల్ల జరిగే అవకాశం 924లో 1 అని మీకు ముందే తెలుసు. కొన్ని అటూ ఇటూ అయితే? అప్పుడు ఏమనాలో మీ లెక్కల మాస్టారిని అడగండి.

ఆ నోటుబుక్కు తీసుకుపోయి మీ ఇంట్లో తాతకో, చిన్నాయనకో చూపించండి. "పిల్లచేష్టలు" అని మొదట నవ్వవచ్చు. నవ్వనీయండి. వచ్చే ముంగారుకు చేనులో నాలుగు సాళ్ళు మీకు వదలమని అడగండి. ఈ ఏటి వాన మళ్ళీ రాదు. కాని మీరు రాసిపెట్టిన లెక్క మాత్రం వచ్చే ఏడు విత్తనం గొర్రు కట్టే నాటికి ఇంట్లోనే ఉంటుంది.